పూర్తి మందు

మా మేనత్త పోతూ పోతూ తన రెండు గొట్టాల రైఫిల్‌ని నా పేరున రాసిపెట్టింది. ఆ సంగతి తెలిసిన వారానికల్లా మా అన్నయ్య వాళ్ళ హాల్లో, సోఫా పైన గోడకి రెండు ఇత్తడి కొక్కేలు వెలిశాయి.

"నీదే, నేను కాదన్నానా?" అన్నాడు అన్నయ్య ఆ కొక్కేల కింద నిలబడి. "పేరు నీదే ఉంటుంది. తుపాకి మాత్రం ఇక్కడుంటుంది. నలుగురూ చూస్తారు. అయినా నువ్వేం చేసుకుంటావే దాన్ని? షాపులో బేరమాడేవాళ్ళని బెదిరిస్తావా?"

"ఆవిడకి తుపాకి దేనికి బావగారూ, నోరుండగా," అని మా ఆయన అందుకున్నారు.

ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. గోడకి తగిలించాలంటే ముందు దాన్ని చంపాలి. రెండు గొట్టాలకీ డ్రిల్లుతో బెజ్జాలు వేసి, ఇక జన్మలో పేలకుండా చేసి, రిజిస్టర్లో 'అలంకారం' అని రాస్తారు. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండేది.

నాది కళ్ళజోళ్ళ షాపు. ముప్ఫై ఏళ్ళుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడమే నా పని. ఆవగింజలో సగం తేడా వచ్చినా మనిషి తలనొప్పంటూ తిరిగొస్తాడు. కాబట్టి పనితనం అంటే ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. అయితే నాకది మొదట నేర్పింది అద్దాలు కాదు, మా అత్త రైఫిలే.

అత్త తంతి ఆఫీసులో ఉద్యోగం చేసేది. పొట్టి మనిషి, సన్నగా ఉండేది. ఆదివారం వస్తే తోలుపెట్టె చేత్తో పట్టుకుని గురి సాధన చేసే రేంజికి వెళ్ళిపోయేది. ఆ రైఫిల్‌ని ఎప్పుడో ఏ వేటగాడి కోసమో, పెద్ద పెద్ద జంతువుల కోసం చేశారట. అత్త చేతికొచ్చాక అది శాకాహారి అయిపోయింది. కాగితాన్ని తప్ప దేన్నీ కొట్టలేదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు అత్త దాన్ని నా ఒళ్ళో పెట్టి, "ఇందులో స్క్రూలు ఎన్నున్నాయో లెక్కపెట్టు," అంది. వెతికి వెతికి తొమ్మిది అన్నాను. "సరే. వాటి గాడులు ఎటు చూస్తున్నాయి?" అంది. చూస్తే తొమ్మిదింటి గాడులూ ఒకే దిక్కున, గొట్టాల వెంబడి, బారుగా ఉన్నాయి. ఒక్కటి కూడా వంకర లేదు. అవి బిగుసుకోవడం పూర్తయ్యే చోటే సరిగ్గా అటు తిరిగి ఆగేలా చేశాడట ఆ పనివాడు. దాని వల్ల తుపాకి మెరుగ్గా పేలదు, ఎవరూ అడగలేదు కూడా. అతనికి అలా కావాలనిపించింది, అంతే. ఆ రోజు నుంచి ఇంట్లో తలుపు బందుల స్క్రూలు చూసినా నాకు చిరాకే.

ఇక మిగతాది చెప్పాలంటే నోరు చాలదు. అక్రోటు కర్ర, లోపల పొగ సుళ్ళు తిరుగుతున్నట్టు చార. ట్రిగ్గర్లకి ఎగువనున్న ఇనప పలకల పైన గోరంత ఆకులు చెక్కారు. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి ఆకులోనూ ఈనెలున్నాయి. మధ్యనున్న మీట పక్కకి తోస్తే గొట్టాలు కిందికి వాలతాయి, మూస్తే చిన్న చప్పుడు, బరువైన పుస్తకం మూసినట్టు. రెండు గొట్టాలు పక్కపక్కనే, రెండు ట్రిగ్గర్లు ముందూ వెనకా. ముందుది లాగితే కుడిది పేలుతుంది, వెనకది లాగితే ఎడమది. అత్త దాన్ని ఎప్పుడూ తుపాకి అనలేదు. 'జోడు' అనేది. నేను కళ్ళజోళ్ళ పనిలోకి వెళ్ళానని తెలిసినప్పుడు, "మనిద్దరిదీ ఒకటే శాఖ," అని మురిసిపోయింది.

ఆ జోడు చివరి పదిహేనేళ్ళూ పెట్టెలోనే ఉంది. అత్తకి భుజం పట్టేసి రేంజికి వెళ్ళడం మానేసింది. నాకు మాత్రం చిన్న తుపాకులతో గురి నేర్పి లైసెన్సు ఇప్పించింది.

ఇప్పుడు చిక్కు ఎక్కడొచ్చిందంటే, అంత పాత తుపాకి చేతులు మారితే రేంజిలో పరీక్ష పెడతారు. యాభై గజాల దూరంలో కాగితం. కుడి గొట్టంతో రెండు, ఎడమ గొట్టంతో రెండు, మొత్తం నాలుగు గుళ్ళు పేల్చాలి. నాలుగు రంధ్రాలూ ఒక సాసరు కింద ఇమడాలి. సాసరంటే మాటవరసకి కాదు, నిజం సాసరే. నీలం అంచుది, పరీక్షాధికారి సొరుగులో ఉంటుంది. ఆయన దాన్ని జేబురుమాలుతో తుడిచి కాగితం మీద బోర్లిస్తాడు. అందుకే రేంజిలో అందరూ ఆయన్ని సాసరు సారు అంటారు. మూడు అవకాశాలు ఇస్తారు. మూడూ పోతే డ్రిల్లు.

మొదటిసారి వెళ్ళే ముందు తూటాలు నింపించాను. ఆ సైజు తూటాలు ఇప్పుడు దొరకవు. తుపాకుల మేస్త్రిగారే ఒక్కొక్కటీ చేత్తో మందు తూచి నింపాలి. ఆయన అత్తకి పాత స్నేహితుడు. తెల్లటి మీసం, వేళ్ళ సందుల్లో ఎప్పటికీ పోని నూనె. రైఫిల్‌ని బల్ల మీద పెట్టి ఇద్దరం తనివితీరా చూసుకున్నాం.

పరీక్షలో నాలుగూ పేల్చాను. కాగితం దగ్గరికి నడిచి వెళ్ళి చూశాను. కుడి గొట్టం గుళ్ళు రెండూ కుడి పక్కన, ఎడమవి రెండూ ఎడమ పక్కన. మధ్యలో జానెడు ఖాళీ. సాసరు సారు మర్యాద కోసం సాసరు పెట్టి చూసి, తీసేశాడు.

"గొట్టాలు విడిపోయాయమ్మా," అన్నాడు. "మధ్యలో అతుకు వదిలేసి ఉంటుంది. వయసు మీద పడింది కదా."

పది రోజుల తర్వాత రెండో పరీక్ష. అదే మందు, అదే చెయ్యి, అదే జానెడు. ఈసారి అన్నయ్య కూడా వచ్చాడు. గాలి కొట్టిందేమో అని నేను గొణిగితే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస," అన్నాడు. తర్వాత కారులో కాస్త మెత్తబడి, "వదిలెయ్యవే. దాన్ని ఎందుకు కష్టపెడతావు? హాయిగా గోడ మీద కూర్చుంటుంది. రోజూ నేనే తుడుస్తాను," అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. అత్తని నాకంటే తక్కువగా ఏమీ ప్రేమించలేదు వాడు. రైఫిల్ నాకెందుకిచ్చిందో వాడికి అర్థం కాలేదు, అంతే. నిజం చెప్పొద్దూ, ఆ రెండు కాగితాలూ చూశాక నాక్కూడా అర్థం కాలేదు.

మూడో పరీక్ష శనివారం. బుధవారం మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు ఆ రెండు కాగితాలనీ బల్ల మీద పరిచి, దీపం దగ్గరికి లాక్కున్నాను. తిట్టడానికే పరిచాను. తిట్టబోతూ ఆగిపోయాను.

కుడి పక్క రంధ్రాలు రెండూ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఎడమవీ అంతే. రెండో కాగితంలోనూ అంతే. స్కేలు పెట్టి కొలిచాను. నడిమి నుంచి కుడికెంత దూరమో ఎడమకీ అంతే దూరం. అరిగిపోయిన గొట్టమైతే గుళ్ళు ఒకటి ఇటు, ఒకటి అటు, చెల్లాచెదురుగా పోతాయి. అతుకు వదిలిన గొట్టమైతే ఒక్కోసారి ఒక్కో చోట కొడుతుంది. ఇది అలా లేదు. ఏ గొట్టానికి ఆ గొట్టం నిక్షేపంలా ఉంది. రెండూ ఒక చోట కలవడం లేదు, అదీ లోపం.

ఈ జబ్బు నాకు బాగా తెలుసు. ఒక వస్తువు రెండుగా కనబడుతోందని వచ్చేవాళ్ళని రోజూ చూస్తాను. కుడి కన్ను మూసి చూడమంటే బాగుంటుంది, ఎడమది మూసినా బాగుంటుంది. రెండూ తెరిస్తే గొడవ. అలాంటి మనిషికి కళ్ళు పోయాయని ఎవరూ అనరు. జోడు ఎందుకు కుదరలేదో వెతుకుతారు.

షాపులోనే దాచిన రైఫిల్ పెట్టె తెరిచి, అద్దాల మందం కొలిచే కాలిపర్ తీసుకున్నాను. తూటాలు పెట్టే వైపు రెండు గొట్టాల నడిమికీ ఎంత దూరమో కొలిచాను. గుండు బయటికొచ్చే మూతుల దగ్గర కొలిచాను. మూతుల దగ్గర తక్కువ. నమ్మలేక మూడుసార్లు కొలిచాను. గొట్టాలు విడిపోలేదు సరికదా, ఒకదాని వైపు ఒకటి వాలి ఉన్నాయి. ఆ లెక్కన కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ కొట్టాలి. కొట్టేది మాత్రం దానికి సరిగ్గా తలకిందులు. షాపు షట్టరు దించేసి, పెట్టె పట్టుకుని మేస్త్రిగారి దగ్గరికి పరిగెత్తాను.

ఆయన కాగితాలు చూడను కూడా చూడలేదు. "విన్నానమ్మా. ఏం చేస్తాం, ముసలిదైపోయింది," అన్నారు.

"మేస్త్రిగారూ, ఈ గొట్టాలు లోపలికి వాలి ఉన్నాయి. ఎందుకు?"

"వాలే ఉండాలి. తుపాకి పేలితే తంతుందా? కుడి గొట్టం నడిమధ్యన లేదు కదా, కాస్త కుడి పక్కనుంది. కాబట్టి తన్నినప్పుడు మూతి కుడికి తిరుగుతుంది, గుండు ఇంకా లోపల ఉండగానే. ఎడమది పేలితే ఎడమకి. చేసినవాడికి అది తెలుసు. ఎంత తిరుగుతుందో అంత ముందే లోపలికి వంచి అతికాడు. పేల్చి చూడటం, అతుకు కరిగించడం, వెంట్రుకంత జరపడం, మళ్ళీ పేల్చడం. ఒక్క జోడు కుదరడానికి ఎన్ని రోజులు పట్టేదో."

"అయితే ఆ తన్ను కూడా లెక్కలో భాగమే."

"భాగమేమిటి, అదే లెక్క."

"తన్ను మారితే?"

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మందు ఎంత వేశారు మేస్త్రిగారూ?"

"సగానికి ఇంచుమించు," అన్నారు నెమ్మదిగా. "మీరేగా అన్నారు, పాతది, కాస్త చూసి నింపండని."

అన్నాను. ఆ మాట అన్నప్పుడు నేనున్న చోటు కూడా గుర్తుంది, ఆ బల్ల పక్కనే. పెట్టె మూత లోపల పాత చీటీ అతికించి ఉంది. చేసినవాళ్ళే చేత్తో రాసింది, ఎంత మందు, ఎన్ని గజాలు అని. దాన్ని చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. అది వయసులో ఉన్నప్పటి మోతాదని, ఇప్పుడు తట్టుకోలేదని నేనే తీర్మానించేశాను. మందు తగ్గితే గుండు మెల్లగా పోతుంది. మెల్లగా పోయేది గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది. ఆలోగా మూతి మరింత పక్కకి జరిగిపోతుంది. పిండి కొద్దీ రొట్టె అని ఊరికే అన్నారా?

"ఇద్దరం కలిసి దానికి పథ్యం పెట్టాం," అన్నారు మేస్త్రిగారు. "ప్రేమకొద్దీ."

"చీటీలో ఉన్నంత వెయ్యండి."

"పగిలితే?"

"పగులుతుందో లేదో మీకే తెలియాలి. చూడండి."

ఆయనకి కోపం వచ్చింది. తన పనిని ఎవరో అనుమానించినట్టు మూతి బిగించి రైఫిల్ లాక్కున్నారు. ఆ సాయంత్రమూ, గురువారమంతా గొట్టాల లోపల దీపం వేసి చూశారు. కొలిచారు, అతుకు వదిలిందేమోనని తీగకి వేలాడదీసి మీటి చెవి పెట్టి విన్నారు. శుక్రవారం పొద్దున దాన్ని పెరట్లో ఇసుక బస్తాల మధ్య కట్టి, చీటీలో ఉన్న పూర్తి మందు నింపి, ట్రిగ్గర్లకి తాడు కట్టి, గోడ చాటు నుంచి లాగాం. ఒకటి, తర్వాత రెండోది. చూరు మీది పావురాలు లేచిపోయాయి. వెళ్ళి చూస్తే గొట్టాలు చెక్కుచెదరలేదు. మేస్త్రిగారు మళ్ళీ కాలిపర్ అడిగి తీసుకుని కొలిచి, "నా కంటే గట్టిగా ఉంది," అన్నారు.

గురి మాత్రం అక్కడ చూడలేదు. బస్తాల మధ్య బిగించి పేలిస్తే లెక్క తప్పుతుందట. మనిషి భుజం మీద, మనిషి చేతుల్లో తన్నాలి.

శనివారం రేంజికి వెళ్ళేసరికి అన్నయ్య అప్పటికే వచ్చి కూర్చున్నాడు. డ్రిల్లు చేసే అతను కూడా వచ్చి, గది గుమ్మంలో టీ తాగుతున్నాడు. మా ఆయన నా భుజానికేసి చూసి, "పూర్తి మందంటే ఎంత తంతుంది?" అన్నారు. నేను తూటాలు లెక్కపెట్టుకున్నాను. నాకు భయంగానే ఉంది. అంతవరకు నేను పేల్చింది సగం మందుతోనే.

సాసరు సారు తూటాలు చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆ జోడు నేను చేసిందే. "అమ్మా, ఇంత మందా? ఈ పాతదానికి? నేను ఒప్పుకోను."

మేస్త్రిగారు చీటీ ఉన్న మూత ఆయన ముందు పెట్టారు. "నిన్న నేను పరీక్షించాను. రాసి సంతకం పెడతాను. దీన్ని చేసినవాడు రాసిన మోతాదు ఇది. మీకు అతని కంటే ఎక్కువ తెలుసా?"

సాసరు సారు చీటీ చదివి, మేస్త్రిగారి చేత సంతకం పెట్టించుకున్నాడు. చెవులకి మూతలు పెట్టుకున్నాం.

అత్త చెప్పేది, అది తన్నదు, తోస్తుంది, తోస్తే ఎదిరించకు, దారి ఇవ్వు అని. ఎడమ చేత్తో గొట్టాల కింద పట్టుకున్నాను. వెనక కర్ర భుజానికి ఆనించాను. అత్త కొలతలకి కోయించుకున్న కర్ర అది, నేనూ ఆవిడంతే పొట్టి. చెంప దానంతటదే తన చోటుకి వెళ్ళి కూర్చుంది. ఊపిరి సగం వదిలి ముందు ట్రిగ్గర్ లాగాను.

పెద్ద మనిషి ఎవరో గుమ్మంలో అడ్డం వచ్చి తోసినట్టు నన్ను వెనక్కి తోసింది. ఒక అడుగు వెనక్కి వేశాను. గురి మళ్ళీ కిందికి రాగానే వెనక ట్రిగ్గర్. మీట తోసి గొట్టాలు వాల్చాను, ఖాళీ తూటాలు రెండూ వెచ్చగా బయటికొచ్చాయి. మళ్ళీ రెండు పెట్టాను. కుడి, ఎడమ. భుజం మండుతోంది. అయినా నాకు కేకలు పెట్టాలనిపించింది. ఇదీ దీని గొంతు. ఇన్నాళ్ళూ నేను దీన్ని గుసగుసలాడించాను.

కాగితం దగ్గరికి అందరం నడిచాం. ముందు వెళ్ళిన సాసరు సారు రుమాలు తీశాడు, సాసరు తుడిచాడు, కాగితం మీద పెట్టబోయి ఆగిపోయాడు. నాలుగు రంధ్రాలు నడిమధ్యన గుమిగూడి ఉన్నాయి. సాసరు పెడితే ఒక్కటీ కనబడలేదు. తీసి మళ్ళీ చూశాడు. తర్వాత డ్రిల్లు అతని చేతిలో ఖాళీ టీ కప్పు అడిగి తీసుకుని, దాన్ని బోర్లించాడు. కప్పు కింద కూడా నాలుగూ ఇమిడిపోయాయి.

"ముప్ఫై ఏళ్ళలో కప్పు వాడటం ఇదే మొదటిసారి," అన్నాడు.

మేస్త్రిగారు మీసం తుడుచుకుంటున్నట్టు నటిస్తూ కళ్ళు తుడుచుకున్నారు. నేను దాచుకోలేదు, ఏడ్చాను. ఆఫీసు గదిలో రిజిస్టరు తెరిచి, నా పేరు పక్కన సాసరు సారు 'సజీవం' అని ముద్ర వేశాడు. సిరా సరిగ్గా పడలేదని నేనే రెండోసారి వేయించాను. డ్రిల్లు అతను కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు.

బయటికొస్తే అన్నయ్య ఇంకా ఆ కాగితం దగ్గరే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "నేను దాన్ని చంపించబోయానే," అన్నాడు.

"నేను కూడా. కాకపోతే పథ్యం పెట్టి. నువ్వు ఒకసారి పేలుస్తావా?"

"నాకేం వచ్చు?"

"అది నేర్పుతుంది."

సాసరు సారు తన సమక్షంలో అయితే పరవాలేదన్నాడు. కొత్త కాగితం కట్టారు. అన్నయ్యది పొడుగు చెయ్యి, కర్ర వాడికి పొట్టి. ఎలాగో ముడుచుకుని నిలబడి, గురి చూసి, లాగే ముందు ప్రతిసారీ కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని కుడి, ఎడమ పేల్చేశాడు. రెండడుగులు వెనక్కి వచ్చి మా ఆయన మీద పడ్డాడు.

వాడి గుళ్ళు నడిమధ్యకి ఆమడ దూరంలో, కాగితం అడుగున మూలకి తగిలాయి. కానీ రెండు రంధ్రాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. సాసరు సారు వంగి చూసి, "గురి తప్పింది గానీ, జోడు తప్పలేదు," అన్నాడు.

అన్నయ్య ఆ రెండు రంధ్రాల మీద బొటనవేలు పెట్టి చూసుకున్నాడు. ఒక్క వేలితో రెండూ మూసుకుపోయాయి. భుజం రుద్దుకుంటూ, చిన్నప్పుడు ఎప్పుడో చూసిన నవ్వు నవ్వి, మేస్త్రిగారి వైపు చెయ్యి చాచాడు. "ఇంకో రెండు తూటాలివ్వండి," అన్నాడు.

మేస్త్రిగారు పెట్టె తెరవబోయి ఆగారు. సాసరు సారు, మా ఆయన కూడా ఆగారు. అందరూ నా వైపు చూస్తున్నారు. తుపాకి ఎవరిదో ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు.

"ఇవ్వండి," అన్నాను. "పూర్తి మందువే."